రాయి కాదు, సర్పి

డాక్టరు ముఖం చూస్తేనే సగం జ్వరం దిగిపోయే కాలం ఒకటి ఉండేది. మిగతా సగానికి మాత్రం సూది పడాల్సిందే. అప్పుడు నేను సిద్దిపేటలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా టీచరుగా చేరి, కొండపాక నుంచి మా అవ్వను (అమ్మను అలాగే పిలిచేవాణ్ణి) తెచ్చుకుని కిరాయి గదిలో ఉండేవాణ్ణి. వీధి చివర దవాఖాన నడిపే ఆయన్ను అందరూ నవ్వుల డాక్టరు అనేవారు. ఆయనకు తెలియని రోగం ఇంకా పుట్టలేదని అవ్వ వాదించేది.

ఒకసారి నాకు నడుము పక్కన సలుపు మొదలైంది. డాక్టరు నొక్కి చూసి, "కిడ్నీల రాయి ఉన్నట్టుంది, నీళ్లు మంచిగ తాగు" అన్నారు. అవ్వ ఆ రోజు నుంచే బార్లీ నీళ్లు గిన్నెలకు గిన్నెలు కాచి తాగించింది. పాఠం మధ్యలో నేను పదేపదే బయటికి పరుగెత్తుతుంటే పిల్లలు "సార్, మల్లనా?" అని జాలిపడేవారు. (నవ్వేవారని రాయడానికి ఇప్పటికీ మనసొప్పదు.) కొన్నాళ్లకు సలుపున్న చోటే నీటి పొక్కులు లేచాయి. "రాయి పలిగి బయటికొస్తుంది బిడ్డా!" అని సంబరపడుతూ అవ్వ నన్ను దవాఖానకు లాక్కుపోయింది.

చూడగానే డాక్టరు నవ్వు మాయమైంది. "తప్పయింది అవ్వా. గిది రాయి కాదు, సర్పి. పొక్కులు లేవకముందు గుర్తువట్టలేకపోయిన" అన్నారు, వరండాలో జనమంతా వింటుండగానే.

"గింత చదివినవ్, నీగ్గూడ తప్పు పోతదా సారూ?" అని అవ్వ నిలదీసింది. మందులైతే తీసుకుంది గానీ, మళ్లీ ఆ గడప తొక్కనని దారంతా అంటూనే వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆయనే స్కూటరు మీద మా గదికి వచ్చారు. అవ్వ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "పోరనికి మంట ఎట్లుందో చూసిపోత" అని ఆయన బతిమాలితే కాసేపటికి పక్కకు జరిగింది. నన్ను చూడడం అయ్యాక ఆయనకు చాయ ఇవ్వలేదు, మిగిలిపోయిన బార్లీ నీళ్లు ఇచ్చింది. పెద్ద గ్లాసు. ఆయన మొత్తం తాగేశారు. అప్పుడు అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నిన్ను దేవుడనుకున్న సారూ."

"గందుకే నాకు భయమైతది అవ్వా" అన్నారాయన.

ఇప్పుడు ఇద్దరూ లేరు. పెద్ద ఆసుపత్రుల్లో నా వంతు కోసం కూర్చున్నప్పుడల్లా ఆ గొంతులు మళ్లీ వినాలనిపిస్తుంది. ఆ సాయంత్రం ఆయన వెళ్తుంటే నేను మంచం దిగనైనా లేదు. పిల్లల ముందు పరువు పోయిందని అలిగి, గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ కుర్ర పంతులును తలచుకుంటే నవ్వొస్తుంది. వీపు తట్టి, "లేవరా, ఆయన ఇంకా వీధి దాటలేదు, పోయి ఒక్కసారి కనబడిరా" అని చెప్పాలనిపిస్తుంది.