ఎంతమందిగారు

"కాఫీ బావుందని ఎంతమంది అన్నారమ్మా?"

"ముగ్గురండీ," అంది టైపిస్టు.

"అందులో గుమాస్తా ఉన్నాడా? అతనికి మొహమాటం. తీసెయ్. ఇద్దరు."

ఎవరేం చెప్పినా ఆయన నోట ముందు ఆ ప్రశ్నే. అందుకే ఆఫీసంతా ఆయన్ని ఎంతమందిగారనేది. దేశంలో జనం ఏం తినాలో, ఏం మానాలో చెప్పే పుస్తకం రాస్తున్న సంఘానికి ఆయనే పెద్ద. ఓసారి ఇంటావిడ విసిగిపోయి "మీతో వేగడం ఎవరివల్లా కాదు" అందట. "ఎంతమంది వేగి చూశారు?" అని అడిగారట. "నేనొక్కదాన్నే. రెండోది దొరకదు కూడా," అందట ఆవిడ. ఆ రుజువు మాత్రం ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు.

పుస్తకం సాయంత్రానికి ప్రెస్సుకెళ్ళాలి. నలభై ఒకటో పేజీలో టైపిస్టు చేతులు ఆగిపోయాయి. "అరవై దాటినవారు గుడ్డు మానాలి." నాన్న పోయాక అమ్మ నోరు తెరిచి అడిగేది సాయంత్రం ఆ ఒక్క గుడ్డే. "పుస్తకంలో రానీ, ఆ పూటే ఆపించేస్తాను," అని అన్నయ్య కాచుకుని కూర్చున్నాడు.

"ఇది ఎంతమంది మీద చూశారు?" వెనకనుంచి వినపడింది.

"పంతొమ్మిది మంది మీదండీ," అన్నాడు సంఘంలోని డాక్టరు, కాగితాలు ఊపుతూ.

"వయసు?"

డాక్టరు ఒక పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. "హాస్టలు కుర్రాళ్ళండీ."

"వాళ్ళలో అరవై దాటినవాళ్ళెంతమంది?"

"ప్రెస్సువాళ్ళు ఎదురు చూస్తున్నారు సార్..."

"చూడనీ. వాళ్ళెంతమందైనా సరే."

వాక్యం ఎగిరిపోయింది. టైపిస్టు ఆయన గదిలోకెళ్ళి తటపటాయించింది. "మా అమ్మ కోసమా సార్?"

"కాదు. మొన్న వరండాలో నువ్వు మీ అన్నయ్యతో ఫోనులో గుడ్డు గురించి వాదించడం చెవినపడింది, నిజమే." బల్లమీద మూరెత్తు కాగితాలున్నాయి. "రెండ్రోజులుగా ఇవన్నీ చదివాను. మానాలని రుజువు దొరికుంటే ఆ ముక్క ఉంచేసేవాణ్ణే, నువ్వు తిట్టుకున్నా సరే. దొరకలేదు. పెద్దవాళ్ళని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు."

ఆమె కళ్ళు తుడుచుకునేలోగా ఆయన తెల్లకాగితం ఒకటి చేతిలో పెట్టారు.

"ఇంటికెళ్ళి అమ్మగారిని అడుగు. గుడ్డు తిన్న రోజు ఒంట్లో ఎలా ఉంటుందో, తినని రోజు ఎలా ఉంటుందో రాసుకురా."

"ఆవిడ ఒక్కతే కదండీ."

"ఎక్కడో ఒకచోట మొదలెట్టాలిగా. తేదీ వెయ్యడం మర్చిపోకు. మీ అన్నయ్య మాట మాత్రం రాయకు, తినేది అతను కాదు."