వీడియోలో లేని బాణం

2023 వానాకాలంలో ఉప్పల్‌లోని నా కంప్యూటర్ రిపేరు షాపుకి యాదగిరి, అతని భార్య సుజాత వచ్చారు. యాదగిరి నాచారంలో ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో డ్రాఫ్ట్స్‌మన్. అంటే మెషీన్ల విడిభాగాల బొమ్మలు కంప్యూటర్‌లో గీసేవాడు. గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేశాక మాట పోయింది. ఒక చేతిలో లాప్‌టాప్ సంచీ, ఇంకో చేతిలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పిన్రు అన్నా," అంది సుజాత, ఆయన ముందే. "నేను డ్రాయింగ్ పని నేర్చుకుంటె ఈయన సీట్ల నన్ను పెట్టుకుంటనన్నడు సేటు. ఇద్దరు పిల్లలున్నరు. ఇప్పుడు దవాఖానా తిరుగుడే సరిపోతుంది. ఈయన గీసేది వీడియో తీసిపెడితె తర్వాత సూసి నేర్చుకుంట."

యాదగిరి నోట్‌బుక్‌లో రాసి నా ముందు పెట్టాడు: "నోటితో చెప్పలేను. మౌస్ బాణంతోనే చూపించాలె."

తెర మీద జరిగేదంతా వీడియోగా పట్టే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సెట్టింగులు కొత్తగా పెట్టడానికి బద్ధకించి, అంతకుముందు ఒక ట్యూషన్ సెంటర్‌కి చేసినవి పెన్‌డ్రైవ్ నుంచి కాపీ కొట్టేశాను. అరనిమిషం రికార్డు చేసి, అదే లాప్‌టాప్‌లో వేసి చూపించాను. "చూశారా, బాణం కూడా వచ్చింది!" అన్నాను గొప్పగా. యాదగిరి నవ్వి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

నాలుగు నెలల తర్వాత సుజాత ఒక్కతే వచ్చింది. యాదగిరి పోయి ఇరవై రోజులైందట.

"అన్నా, ఫోన్ల ఏసి సూస్తున్న. గీతలు వాటంతటవే వస్తున్నయ్. ఈయన ఏడ నొక్కిండో తెలుస్తలేదు."

"ఎందుకు తెలీదు? అప్పుడు చూపించాను కదమ్మా," అని కాస్త విసుక్కుంటూనే వీడియో నా కంప్యూటర్‌లో వేశాను. తెర మీద వేలు పెట్టి చూపించాను. "ఇదిగో బాణం."

"అది నీ బాణం అన్నా. జర మౌస్ మీదికెల్లి చెయ్యి తియ్యి."

తీశాను. బాణం కొయ్యబారినట్టు ఆగిపోయింది. దాని వెనక వీడియోలో మెనూలు తెరుచుకుంటున్నాయి, గీతలు పడుతున్నాయి. ఆ రోజు నేను చూపించింది కూడా నా చేతి కింద కదిలిన బాణమే.

సెట్టింగులు తెరిస్తే "క్యాప్చర్ కర్సర్" అన్నచోట టిక్కు లేదు. కర్సర్ అంటే ఆ బాణమే. ట్యూషన్ సెంటర్ వాళ్లు బాణం అడ్డొస్తోందంటే అప్పట్లో నేనే తీసేశాను. ఆ సంగతి గుర్తే లేదు. యాదగిరికి తీసినవి తిరిగి చూసుకునే ఓపిక ఎక్కడిది? ముప్పై ఏడు వీడియోలు అలాగే తీసి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు తేరాదా అన్నా?"

"రాదు చెల్లె. బాణం బొమ్మలో భాగం కాదు, కంప్యూటర్ దాన్ని పైన విడిగా వేస్తుంది. రికార్డు చేసేటప్పుడు పట్టకపోతే ఇక ఎక్కడా ఉండదు. తప్పు నాదే."

సుజాత తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "వచ్చింది అంటివి గదన్నా," అంది, అంతే.

ఆ తర్వాత తొమ్మిది రోజులు రోజూ షాపులో కూర్చున్నాం. బాణం మీదికి వచ్చినప్పుడు కొన్ని బటన్లు రంగు మారతాయి. వాటిని పట్టుకుని ఎక్కడ నొక్కాడో ఒక్కొక్కటే కాగితం మీద రాసుకున్నాం. కానీ ప్రతి వీడియోలో కొన్నిచోట్ల తెర కదలదు. పది సెకన్లు, ఒక్కోసారి ఇరవై.

"ఈడ ఏదో సూపిస్తుండు," అనేది సుజాత. "జాగ్రత్త అని చెప్పాల్నంటె బాణం రెండుసార్లు గుండ్రంగ తిప్పుతుండె." ఇద్దరం ఆ బొమ్మని కళ్లు చిల్లులు పడేలా చూసేవాళ్లం. నట్టు కొలతా, రంధ్రం లోతా, ఏదీ తేలేది కాదు.

సేటు పెట్టిన పరీక్షలో సుజాత గీసిన బొమ్మ బాగానే ఉందట, కొలతలు రెండుచోట్ల తప్పాయట. ఆ సీటు వేరేవాళ్లకి ఇచ్చారు. ఇప్పుడామె నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోంది. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. సేటుతో మాట్లాడతానని నేనంటే వద్దంది.

మొన్నామధ్య నాచారం బస్టాప్‌లో కనిపించింది. ఫోన్‌లో ఏదో చూస్తోంది. తొంగిచూస్తే కదలని డ్రాయింగ్ బొమ్మ.

"ఇంకా ఎందుకు చెల్లె ఇవి?"

"ఈడ ఏదో సూపిస్తుండు అన్నా," అంది తలెత్తకుండానే.

ఇప్పుడు నేను ఎవరికి రికార్డింగ్ పెట్టినా, టెస్ట్ వీడియో వాళ్ల ఫోన్‌లోకి ఎక్కించి చూపిస్తాను. ఫోన్‌కి మౌస్ ఉండదు, నన్ను మోసం చెయ్యదు. "ఏందన్నా గింత చాదస్తం" అని కస్టమర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఫోన్‌లో ఆ బాణం కదలడం చూసేదాకా "వచ్చింది" అన్న మాట నా నోట రాదు.