ఏడున్నరకి వచ్చే మనిషి

మొన్న అనకాపల్లి స్టేషన్‌లో దిగి, మా అత్త సంవత్సరీకానికి వెళ్ళడానికి ఆటో ఎక్కాను. అత్త అంటే మా నాన్నకి అక్క, నాకు మేనత్త. ఆటో నాలుగు బారలు నడిచిందో లేదో, డ్రైవరు అద్దంలోంచి నన్ను మళ్ళీ మళ్ళీ చూసి, ఆఖరికి బండి పక్కకి తీసి ఆపేశాడు. "సార్, మీరు సీరియల్లో పెద్దయ్యగారు కదేటండి? మీసం నేకపోతే పోల్చుకోనేకపోయేను!" అన్నాడు. ఆ మీసం పొద్దున్న జిగురుతో అంటించి సాయంత్రం పీకేసేది, దానికున్న పేరు నాకు లేదు. "అవును బాబూ, నేనే. పోనీ, ఎండెక్కుతోంది" అన్నాను. అంతే, అతని మొహం వాడిపోయింది. "అయ్యో, గొంతట్టుకున్నాదేటండి? మిరియాలు దంచి బెల్లంలో కలిపి సప్పరించండి, రేపటికి మామూలైపోద్ది" అని వైద్యం చెప్పాడు. మా వైపు ఏ రోగానికైనా బెల్లమే మందు. నాకేమీ పట్టలేదనీ, పుట్టినప్పటినుంచీ నా గొంతు ఇదేననీ, అతను రోజూ వినేది ఇంకెవరి గొంతో అనీ చెప్పబోయి ఊరుకున్నాను. చెబితే నన్నే నకిలీ అనుకునేట్టున్నాడు. సెల్ఫీ తీసుకుంటానంటే నోరు మూసుకుని నవ్వాను.

నా బతుకులో నాకంటూ ఉన్న ఆస్తి ఏదైనా ఉంటే అది నా గొంతే. మాది రావికమతం దగ్గర పల్లె. చెరుకూ వరీ పండించే ఇల్లు. హైస్కూలు చదువుకని నన్ను అనకాపల్లిలో అత్త ఇంట్లో పెట్టారు. మామయ్య బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేసేవాడు. ఆ ఇంట్లో దుప్పట్లకీ పుస్తకాలకీ కూడా బెల్లం వాసనే, చొక్కా దులపకుండా తొడుక్కుంటే చీమలు. బళ్ళో వార్షికోత్సవం నాటకాలు మా డ్రాయింగు మాస్టారు వేయించేవారు. బొమ్మల మాస్టారే గానీ, ఆయనకి నాటకం చూసే అలవాటు లేదు. రిహార్సల్ జరిగినంతసేపూ హాలు చివరి గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవారు. మాట వినపడకపోతే చెయ్యెత్తేవారు. నేను ద్వారపాలకుడి వేషంలో రాజుగారికి శత్రువులొచ్చారని చెప్పాలి. ఆ ఒక్క ముక్కకీ ఆయన చెయ్యి దిగేది కాదు. గట్టిగా అరిస్తే ఇంకా పైకి లేచేది.

ఒకరోజు నన్ను పిలిచి, "మార్కెట్‌కి వెళ్ళి వేలంపాట పాడే మనిషిని విను. అతను అరవడు. అయినా ఆ చివర బండి మీద కూర్చున్న రైతుకి ధర వినపడుతుంది. ఎలాగో తెలుసుకుని రా" అన్నారు. నేను పొద్దున్నే పోయి బెల్లం దిమ్మల పక్కన నిలబడేవాణ్ణి. మేనల్లుడు వ్యాపారం నేర్చుకుంటున్నాడని మామయ్య సంబరపడి రెండు రోజులు టీ కూడా ఇప్పించాడు. వేలంపాట మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో, మాటని ఎక్కడినుంచి లాగుతున్నాడో నాకు మెల్లమెల్లగా అర్థమైంది. మాట గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. అది పట్టుబడిన రోజు మాస్టారి చెయ్యి లేవలేదు. నా యాసని కూడా ఆయనే కడిగి ఆరేశారు. నేనేమో ఇంట్లోనూ ఆ నాటకం తెలుగే మొదలుపెట్టాను. అత్త నవ్వి, "ఏటిరా అల్లుడూ, సుట్టపోళ్ళ నాగ మాటాడతన్నావు?" అని దెప్పేది.

అత్తకి రేచీకటి. దీపాలు పెట్టే వేళ దాటితే ఆవిడకి మనుషులు నీడలు, ఆ తరవాత నీడలు కూడా కాదు. బడి నాటకాలేమో చీకటి పడ్డాకే మొదలయ్యేవి. అయినా ఏ ఏడూ మానలేదు. మా మరదలు, అంటే అత్త కూతురు, అప్పటికి చిన్నపిల్ల. దాని భుజం పట్టుకుని వచ్చి, ఆడవాళ్ళ వెనకాల, మాస్టారికి కాస్త ఇవతల కూర్చునేది. నేను వేసిన ఏ వేషమూ అత్త చూడలేదు. నా రంగులు, కిరీటాలు, అద్దె గడ్డాలు ఏవీ ఆవిడకి తెలియవు. విన్నదంతా మాత్రం తెలుసు. ముసలి జమీందారు వేషం వేసి కప్పు గెలుచుకున్న ఏడు ఊరంతా మెచ్చుకుంటుంటే, అత్త నాకు అన్నం వడ్డిస్తూ, "కొడుకు సచ్చిపోయేడని తెలిసేక అంత గొంతెత్తేవేటిరా? అంత దుక్కవొచ్చినోడికి గొంతు లేత్తాదా?" అంది. నాకు కోపం వచ్చి పెరుగన్నం తినకుండా లేచిపోయాను. మర్నాడు మాస్టారు కూడా అదే మాట అన్నారు. ఆ తరవాత ఏ నాటకం ఆడినా ముందు అత్తకి వినిపించి గానీ స్టేజి ఎక్కలేదు.

కాలేజీ, నాటక పరిషత్తు పోటీలు, పాయకరావుపేట నుంచి ఎక్కడెక్కడి ఊళ్ళ పందిళ్ళో, అన్నీ అయ్యాక హైదరాబాదు చేరాను. మరదలిని నాకిస్తారని చిన్నప్పుడు ఇంట్లో వేళాకోళాలు ఉండేవి. వేషాలు వెతుక్కునేవాడికి పిల్లనెవరిస్తారు? దాన్ని బెల్లం కొట్టు ఉన్నవాడికిచ్చారు, హాయిగా ఉంది. నాకు మాత్రం ఈ వేషం తరవాత, ఆ వేషం తరవాత అనుకుంటూ పెళ్ళి వయసు దాటిపోయింది. సీరియళ్ళలో డాక్టరునై "సారీ" చెప్పాను, లాయరునై ఫైలు తిరగేశాను, పెళ్ళి పందిట్లో అక్షింతలు వేశాను. జుట్టు తెల్లబడ్డాక అదృష్టం తిరిగి పెద్దయ్యగారి వేషం వచ్చింది. మొదటిరోజు డైలాగులన్నీ బట్టీ పట్టి, సెట్లో మాస్టారి పద్ధతిలో పొట్టలోంచి మాట లాగాను. అందరూ ఉలిక్కిపడ్డారు. కెమెరా పక్కన కాయితాలు పట్టుకుని కూర్చున్న కుర్రాడు లేచి వచ్చి, చాలా మర్యాదగా, "అంత కష్టపడక్కర్లేదండీ. నేను ముక్క ముక్కా అందిస్తాను, మీరు పెదాలు కదిపితే చాలు. గొంతు డబ్బింగు ఆయన చెబుతారు" అన్నాడు.

సీరియల్ మొదలైన సాయంత్రం ఏం జరిగిందో మరదలు ఫోన్లో చెప్పింది. అప్పటికి అత్తకి పగటి చూపు కూడా పోయి, కూతురింట్లోనే ఉంటోంది. ఏడున్నరకి ఇరుగుపొరుగు అందరూ చేరారు. నేను తెర మీదకి రాగానే అంతా గోల. అత్త ఒక్కతే, "ఏడీ? ఇంకా మాటాడ్డేటి?" అంటోందిట. "మాటాడతన్నాడు కదే అమ్మా, అదిగో!" అని మరదలంటే, అత్త చెవి అటు పెట్టి కాసేపు విని, "ఆడు కాదు. ఎవరో పెద్దమనిషి" అని తేల్చేసింది. డబ్బింగు సంగతి ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. "మనిషిని తీసుకుని గొంతొదిలేత్తారా? సోద్యం కాకపోతే!" అందిట. మరదలు నవ్వుతూ చెబుతోంది, నాకు నవ్వు రాలేదు. ఊళ్ళో అందరికీ నేను కనపడుతున్నాను. వినపడాల్సిన ఆ ఒక్క మనిషికి మాత్రం వినపడటం లేదు.

అప్పటినుంచీ నాకొకటే పట్టుదల. పెద్దయ్యగారి నోట ఒక్కసారి నా గొంతు రావాలి, అత్త "మావోడే" అనాలి. మేనేజరు చుట్టూ తిరిగాను, డైరెక్టరుకి చెప్పించుకున్నాను. ఆఖరికి పోరు పడలేక ఒక సీను నా చేత డబ్బింగు చెప్పించి, గదిలో అందరూ కూర్చుని విన్నారు. విన్నంతసేపూ ఎవరూ కదల్లేదు. నాకు ఆశ పుట్టింది. తరవాత డైరెక్టరు గొంతు సవరించుకుని, "చాలా బాగా చెప్పారండీ. కానీ మీ మొహానికి ఈ గొంతు నప్పలేదు" అన్నాడు. నా మొహానికి నా గొంతు నప్పలేదట! ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆరోజు ఫ్లాట్‌కి వచ్చి అద్దంలో చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. మాట్లాడదామంటే ఎవరున్నారు? అయినా డైలాగులు బట్టీ పట్టడం మానలేదు. సెట్లో కుర్రాళ్ళు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటారు.

అత్త పోవడానికి కొన్నాళ్ళ ముందు షూటింగుకి సెలవు దొరికి అనకాపల్లి వెళ్ళాను. ఏడున్నర కాకముందే అత్త స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, టీవీ ముందు కుర్చీలో కూర్చుంది. చుట్టాలొచ్చేవేళ కూర్చున్నట్టు కూర్చుంది. "బావా, మా ఇంట్లో నీకన్నా నీ సీరియల్ గొంతుకే మరియాదెక్కువ" అని మరదలు వేళాకోళమాడి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు వచ్చే సీను నాకు తెలుసు. పెద్దయ్యగారు ఇల్లు వదిలి పోతున్న కొడుకుతో గడప దగ్గర మాట్లాడాలి. నాకేం బుద్ధి పుట్టిందో, రిమోట్ తీసుకుని టీవీ నోరు నొక్కేశాను. తెర మీద నా పెదాలు కదిలాయి. ఇక్కడ కుర్చీ పక్కన నిలబడి నేను పలికాను. "వెళతానంటున్నావు, వెళ్ళు. ఆపే వయసు నాకూ లేదు, ఆగే వయసు నీకూ లేదు. తలుపు మాత్రం వెయ్యకు. నేను లేచి మళ్ళీ తీయలేను." అక్కడ గొంతు ఎత్తలేదు. అత్త ఏనాడో చెప్పినట్టే, దించేశాను.

అత్త చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. "బాగా సెప్పేవురా అల్లుడూ. ఇప్పుడొచ్చింది నీకు" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళనుంచో ఆ ఒక్క మాట కోసమే కదా నేను అందరి గుమ్మాలూ తొక్కింది. ఆ సంతోషంలో ఉండగానే అత్త, "ఇంక సౌండెట్టు. ఆ బాబు ఏటన్నాడో ఇనాల" అంది.

"ఆయనా ఇవే మాటలన్నాడత్తా. నేను చెప్పినవే."

"అయితే మాత్రం? నువ్వు ఏడాదికోపాలి వత్తావు. ఆడు రోజూ వత్తాడురా."

అందులో నిష్ఠూరమేమీ లేదు. మంచినీళ్ళు ఇటు అందుకో అన్నట్టు మామూలుగా అంది. నేను సౌండు పెట్టాను. అత్త నా మణికట్టు వదిలేసి చెవి అటు తిప్పింది. ఆ గొంతు గదంతా నిండింది. నిజం చెప్పాలంటే బాగుంది, నాకన్నా బాగుంది. మధ్యమధ్యలో అత్త ఊఁ కొడుతోంది, పక్కింటాయనతో అరుగు మీద మాట్లాడుతున్నట్టు. నేను తెర మీద నా మొహం చూసుకుంటూ కూర్చున్నాను. నా సొంత అత్త పక్కన, నా సొంత సీరియల్ ముందు, నేనెవరో పరాయివాణ్ణయి కూర్చున్నట్టనిపించింది. ఈర్ష్య పడదామన్నా ఎవరిమీద పడాలో తెలియలేదు.

అత్త పోయిందన్న ఫోను వచ్చిన రోజు నేను సెట్లో ఉన్నాను. కార్యక్రమాలన్నీ అయి హైదరాబాదు తిరిగొచ్చాక, ఎందుకో నేరుగా డబ్బింగు థియేటరుకి వెళ్ళాను. అన్నేళ్ళుగా మేమిద్దరం కలిసి ఒకే మనిషి, అయినా ఒక్కసారీ కలుసుకోలేదు. సన్నగా, బక్కగా, మెడకి మఫ్లరు చుట్టుకుని, చిన్న ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు తాగుతూ ఉన్నాడాయన. నన్ను చూసి కంగారుగా లేచి నమస్కారం పెట్టాడు. ఎదుట తెర మీద నా మొహం నోరు సగం తెరుచుకుని ఆగిపోయి ఉంది. అత్త సంగతి ఆయనకి మొత్తం చెప్పాను. చెప్పుకోవలసిన మనిషి లోకంలో ఆయనొక్కడే అనిపించింది. ఆయన ఫ్లాస్కు మూత పెట్టడం మరిచిపోయి విన్నాడు. విని, "ఆవిడ గొంతు ఎలా ఉండేదండీ?" అని అడిగాడు.

ఎవరూ అడగని ప్రశ్న. నేను కళ్ళు మూసుకున్నాను. మాస్టారు కడిగి ఆరేసిన యాస ఎక్కడ దాగుందో, ఏడున్నర అవుతుంటే అత్త కూతుర్ని కేకేసినట్టే దానంతటదే వచ్చింది. "ఒలే, ఎక్కడున్నావే? ఏల మించిపోతంది, టీవీ ఎట్టు. ఆ బాబు వచ్చెల్లిపోతాడు!" అన్నాను. ఆయన మైకు వైపు చూశాడు. "ఇన్నేళ్ళూ ఈ తలుపులు మూసుకుని, ఖాళీ గదిలో నాతో నేనే మాట్లాడుకుంటున్నాననుకున్నానండీ" అన్నాడు మెల్లగా. అది ఆయన గొంతే, అత్త రోజూ విన్న గొంతే. కానీ దాన్ని ఆనాడు మొదటిసారి వింటున్నట్టు విన్నాను. మన మనుషుల దగ్గర మనకని ఒక చోటుంటుందనీ, మనం తిరిగెళ్ళేదాకా అది అలాగే ఉంటుందనీ అనుకుంటాం గానీ, కాలం ఏ చోటునీ ఖాళీగా ఉంచదు, ఎవరినో ఒకరిని తెచ్చి కూర్చోబెడుతుంది.