మూత దాకా నింపిన నీళ్ళు

ఫోనులో మా అన్నయ్య అడిగింది ఒక్కటే. "సెల్లీ, మన నూతి నీరు ఓ గుక్క అట్టుకు రావే. ఈ ఆస్పత్రి నీరు గొంతు దిగట్లేదు."

కిడ్నీలు పాడై హైదరాబాదు ఆస్పత్రిలో ఉన్నాడు. నీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారట. రైలైతే ఆలస్యమవుతుందని వాళ్ళబ్బాయి నాకు విశాఖపట్నం నుంచి విమానం టికెట్టు తీశాడు.

మా నుయ్యి కవిటి దగ్గర కొబ్బరితోటలో ఉంది. ఆ నీళ్ళు తాగిన ప్రతి ఇంట్లోనూ ఇదే జబ్బు. నీళ్ళ వల్లేనని కొందరంటారు, కాదని కొందరు. ఎవరెవరో వచ్చి సీసాల్లో పట్టుకెళ్ళారు, ఏ సంగతీ తేల్చలేదు. మేం మాత్రం దాని జోలికి పోవడం మానేసి డబ్బా నీళ్ళు కొనుక్కుంటున్నాం.

అమ్మ చేద వేసింది. వదిలేసిన నుయ్యి కదా, నాచు పట్టి ఉంటుందనుకున్నాను. లేదు. వంగి చూస్తే నా మొహం ముక్కుపుడకతో సహా కనిపించింది. నీళ్ళు అంత తేటగా ఉండటం చూసే నాకు భయమేసింది.

"ఆడి పేనమంతా దీని మీదే ఉందే," అంటూ అమ్మ సీసాని మూత దాకా నింపింది.

విమానాశ్రయం తనిఖీలో ముందు ఆవకాయ సీసా పోయింది. నూనె ఉందట! నూనె లేకుండా ఆవకాయ ఎవరు పెడతారో నాకు తెలీదు. నేనింకా గొణుగుతూనే ఉన్నాను, తనిఖీ చేసే ఆయన నీళ్ళ సీసా పైకెత్తాడు.

"ఇందులో ఏముంది?"

"నీల్లే బాబూ."

"అయితే ఒక గుక్క తాగి చూపించండి."

మూత తీశాను గానీ చెయ్యి లేవలేదు. వెనక జనం విసుక్కుంటున్నారు. ఆయన మొహం మారిపోయింది.

"నీళ్ళే అయితే తాగడానికేం? నిజం చెప్పండి, ఏముంది ఇందులో?"

మా ఊళ్ళో అందరం అడుగుతున్నదీ అదే. ఏం చెప్పను?

తాగకపోతే సీసా చెత్తబుట్టలో పడుతుంది. అక్కడ అన్నయ్య ఎదురుచూస్తున్నాడు. కళ్ళు మూసుకుని మింగేశాను. ఎంత తియ్యగా ఉన్నాయో! చిన్నప్పుడు ఎండన పడి వచ్చి దోసిలి పట్టి తాగిన రుచే. వెంటనే ఇంకో గుక్క తాగాలనిపించింది. అదే నన్ను హడలగొట్టింది. విమానంలో సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, దిగేదాకా నాలుక మీద ఆ తీపి పోలేదు.

ఆస్పత్రిలో అన్నయ్య నన్ను చూడగానే చెయ్యి చాపాడు. సీసా అందుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. అమ్మ ఎప్పుడూ మూత దాకా నింపుతుందని ఆయనకి తెలుసు.

"ఎవులు తాగినారు?"

"నానే. తాగితే గానీ ఒగ్గలేదన్నయ్యా."

జబ్బు సంగతి తెలిసిన రోజున కూడా అన్నయ్య కళ్ళల్లో అంత భయం నేను చూడలేదు.

"నువ్వెందుకు తాగినావే సెల్లీ?" అన్నాడు.