జగ్గయ్యపేట శ్రోతల సంఘం కోసం

పొద్దున ఆరు ఇరవైకి విజయవాడ బస్టాండులో జగ్గయ్యపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్ కొట్టి ఇస్తున్నారు. మీరు వెళ్తే కార్డు మాత్రం మరిచిపోకండి. నా ముందు ఎక్కినావిడ కార్డు కోసం బ్యాగంతా సీటు మీద బోర్లించింది, కండక్టరు నిట్టూర్చాడు. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో ఫైలు, అందులో 'ఈ ఉత్తరం నాదే, థీసిస్‌లో వాడుకోవచ్చు' అని రాసిన నలభై అంగీకార పత్రాలు. వాటిలో కనీసం అయిదింటి మీద సంతకాలు పడాలి. రేపు సాయంత్రం అయిదింటికల్లా థీసిస్ యూనివర్సిటీలో ఇవ్వాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. కాలేజీలో నా ప్రమోషన్ దాని మీదే ఉంది.

నా సబ్జెక్టు ప్రజా దౌత్యం. పేరు చూసి కంగారు పడక్కర్లేదు. ఒక దేశం ఇంకో దేశపు ప్రభుత్వాన్ని పక్కనపెట్టి, నేరుగా అక్కడి మామూలు జనంతో మాట్లాడి వాళ్ళ మనసు గెలుచుకోవాలని చూడటమే అది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక విదేశీ రేడియో రోజూ సాయంత్రం అరగంట తెలుగులో మాట్లాడేది. ఆ రేడియోకు జగ్గయ్యపేట శ్రోతల సంఘం సభ్యులు నలభై మంది రాసిన ఉత్తరాల నకళ్ళు అక్కడి పాత దస్త్రాల్లోంచి నాకు మెయిల్‌లో వచ్చాయి. చూడగానే ఎగిరి గంతేశాను. నందిగామ రైతు, గరికపాడు లారీ డ్రైవరు, కీసర పంతులమ్మ! రకరకాల దస్తూరీలు, రకరకాల బాధలు. ఆ రేడియో మనవాళ్ళ మనసు గెలిచిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని ఓ అధ్యాయం నిండా రాసిపారేశాను. చివర్లో మా గైడు ఒక్కమాట అడిగారు: "వీళ్ళలో ఎవర్నైనా కలిశావా తల్లీ?" ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కలవలేదు. నా బద్ధకానికి నన్ను నేనే తిట్టుకుంటూ బయలుదేరాను.

ఏడూ నలభైకి నందిగామలో దిగాను. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ, కారప్పొడి బావున్నాయి గానీ నాకు సగం కూడా లోపలికి పోలేదు. నా జాబితాలోని నందిగామ రైతు కొండలరావు గారు ఇప్పుడు ఇక్కడే ఎరువుల కొట్టు నడుపుతున్నారు. ఆయన ఆచూకీ నా పాత స్టూడెంటు కనుక్కుని చెప్పాడు. తొమ్మిదింటికి ఆయన షట్టరు ఎత్తేసరికి నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఉత్తరం నకలు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు, మళ్ళీ చదివారు.

"ఇది నేను రాయలేదండి. రేడియోలో క్రికెట్ తప్ప నేనేం వినేవాణ్ణి కాదు. ఈ సంతకమూ నాది కాదు."

పేరు మీదేనా, ఊరు మీదేనా అని వెర్రిదానిలా అడిగాను.

"పేరూ నాదే, ఊరూ నాదే. ఈ పత్తికి పురుగు పట్టడం, మందు కొట్టి కొట్టి చేతులు పొక్కడం, అదీ నిజమే. ఎవడికి తెలుసు ఇదంతా?" అంటూనే ఆయన గొంతు పెంచారు. "నా పేరున విదేశాలకి ఉత్తరాలా? సింగపూర్ టూరుకని మేం పాస్‌పోర్టుకి పెట్టుకున్నాం, ఎంక్వైరీ నడుస్తోంది. ముందు మీ ఐడీ కార్డు చూపించండి!"

చూపించాను. కార్డుకూ ఉత్తరానికీ ఫోనులో ఫొటోలు తీసుకున్నారు, నా నంబరు రాసుకున్నారు. "మధ్యాన్నం లోపు ఎవడో తేల్చి చెప్పండి. లేకపోతే స్టేషన్‌కి నేనే వెళ్తా" అన్నారు. కొట్లో ఉన్న ఇద్దరు రైతులు నన్ను ఎగాదిగా చూశారు. మంచినీళ్ళు కూడా అడక్కుండా బయటికొచ్చేశాను.

తొమ్మిదీ యాభైకి మళ్ళీ బస్సు. ఉత్తరాలన్నిటి మీదా జవాబు పంపాల్సిన చిరునామా ఒకటే: టైలర్ మస్తాన్, మెయిన్ బజారు, జగ్గయ్యపేట. సంఘమన్నాక ఒక చిరునామా ఉండాలిగా అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నలభై నకళ్ళూ తిప్పి ఆ చిరునామానే మళ్ళీ మళ్ళీ చదివాను. పక్క సీట్లో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూర్చున్నారు. ఆయన్ను అడిగాను.

"మస్తాన్ టైలరా? కొట్టు ఎప్పుడో ఎత్తేసాడండి. ఇప్పుడు ఇంటి దగ్గరే, కూతురు కుడుతోంది. భలే మనిషిలెండి. కొలతలు తీసేది రెండు నిమిషాలు, కబుర్లు అరగంట" అని దారి చెప్పారు.

పదిన్నర దాటాక జగ్గయ్యపేటలో దిగి, ఆటో ఎక్కి ఆ వీధికి వెళ్ళాను. వాకిట్లో మిషను ముందు కూర్చున్న నడివయసు ఆవిడ లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది. మస్తాన్ గారి కూతురు షమీమ్.

"ఎవరు పంపారు మేడమ్ మిమ్మల్ని? నాన్నకి ఒంట్లో బాలేదు. ఆ రేడియో సంగతులు ఇప్పుడెందుకండీ?"

రేడియో అన్న మాట నేను ఇంకా ఎత్తనే లేదు. నా ఫైలు మీద పెద్దక్షరాలతో ఉన్న సంఘం పేరు ఆవిడ చూసింది. లోపల్నుంచి నీరసంగా వినపడింది: "రానీ అమ్మా. ఎవరో ఒకరు వస్తారని నేను అనుకుంటూనే ఉన్నా."

మస్తాన్ గారు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. డెబ్భై అయిదు పైనే ఉంటాయి. ఉత్తరాలు ఒక్కొక్కటే తిప్పారు. దాచలేదు, తడుముకోలేదు.

"అన్నీ నేనే రాసానమ్మా. కొట్లో సాయంత్రంపూట ఒక్కణ్ణే కాజాలు కుట్టుకుంటూ ఆ అరగంట వినేవాణ్ణి. ఒకరోజు, ఉత్తరాలు రావట్లేదు, ఎవరూ వినకపోతే తెలుగు ఆపేస్తాం అన్నారు. నేనొక్కణ్ణే వింటున్నానంటే ఆపరా మరి? కొలతల పుస్తకంలో పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి. తలా ఒక ఉత్తరం రాసా."

"దస్తూరీలు?"

"ఎడం చేత్తో కొన్ని, ఎదురు వాలుగా కొన్ని. కొన్ని మా షమీమ్ చేత."

నాకు ఒళ్ళు మండింది. "ఆరేళ్ళండీ! మీ అబద్ధం మీద ఆరేళ్ళు మేడ కట్టాను! రేపు నేను ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలి?" అని అరిచేశాను. పెద్దాయన మీద అరిచినందుకు వెంటనే సిగ్గేసింది గానీ మాట అప్పటికే జారిపోయింది. ఆయన తల వంచుకున్నారు.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. కొండలరావు గారు. ఎత్తాలా వద్దా అని చూస్తుంటే మస్తాన్ గారు చెయ్యి చాపి ఫోను తీసుకున్నారు. షమీమ్ "వద్దు నాన్నా" అంటూనే ఉంది.

"కొండలరావూ, నేను జగ్గయ్యపేట మస్తాన్ని. నీ పెళ్ళి చొక్కా కుట్టినవాణ్ణి. ఆ ఉత్తరం రాసింది నేనే."

అవతలి కేకలు ఆ గదంతా వినపడ్డాయి. ఆయన ఆ కేకలు అయ్యేదాకా ఆగి, మెల్లిగా అన్నారు: "నువ్వే కదయ్యా, కొలతకి చేతులు చాపమంటే పొక్కిన చేతులు చూపించి, ఎవడితో చెప్పుకోవాలి మస్తానూ అన్నావు. నాకు తెలిసిన పెద్దవాళ్ళు ఆ రేడియోవాళ్ళేనయ్యా. వాళ్ళకి చెప్పా. మీ ఎవ్వరి మాటా నేను కల్పించలేదు."

అవతల గొంతు మారింది. "చెప్తే ఏమన్నారు?"

"నీ పేరు చదివారు. పురుగు మందుల గురించి పావుగంట మాట్లాడారు. నీకు చెప్దామంటే భయమేసింది."

"నా పేరు చదివారా?" అని మళ్ళీ అడిగి, "సరేలే, స్టేషన్‌కేం వెళ్ళన్లే. ఒంట్లో ఎలా ఉంది?" అన్నారాయన. ఫోను నా చేతికి తిరిగొచ్చేసరికి షమీమ్ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

మస్తాన్ గారు నా ఫైలు దగ్గరికి లాక్కున్నారు. కాగితాలు చూసి, సంగతి నన్నడిగి తెలుసుకున్నారు. దిండు కింద నుంచి పెన్ను తీశారు.

"నావల్ల మీకు నష్టం వద్దమ్మా. అయిదు కాదు, నలభై పెడతా. ఇప్పటికీ చెయ్యి వణకదు, ఒకదానికొకటి పోలిక ఉండదు. ఆ కాలంలో రేడియోవాళ్ళే కనిపెట్టలేదు, మీ యూనివర్సిటీవాళ్ళు కనిపెడతారా?"

ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. పన్నెండున్నరకు సంతకాలు పూర్తవుతాయి, రేపు అయిదింటికి థీసిస్ వెళ్తుంది, వచ్చే ఏడాదికి ప్రమోషను. గరికపాడు డ్రైవరును వెతుక్కుంటూ ఎవరు పోతారు? మొదటి కాగితం ఆయన ముందు పెట్టింది నేనే. ఆయన "ఎవరితో మొదలెట్టమంటారు?" అన్నారు. ఆ అడగడంలో ఎంత నిజాయితీ ఉందంటే, కాగితం మీదున్న నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మీతోనే" అన్నాను చివరికి. "మీదొక్కటే పెట్టండి బాబాయిగారూ."

పెట్టారు. మిగతా ముప్ఫై తొమ్మిదీ నేనే తీసి ఫైల్లో పెట్టేసుకున్నాను. షమీమ్ భోంచేసి వెళ్ళమని పట్టుబట్టి పప్పుచారు, గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. పొద్దుటి ఆకలంతా అప్పుడు తెలిసింది.

రెండుంబావుకు బస్టాండులో విజయవాడ బస్సు దొరికింది. నందిగామ దాటేదాకా ఫైలు తెరవలేదు. ఒక దేశం రేడియో పెట్టి మన జనాన్ని ఎలా గెలిచిందో ఆరేళ్ళు పాఠం చెప్పాను. ఇక్కడేమో ఒక దర్జీ, తన అరగంట ఆగిపోకూడదని, జనం గోడు మోసుకెళ్ళి ఆ దేశాన్నే బుజ్జగించి నడిపించాడు. ఎవరు ఎవర్ని గెలిచారో రాయాలంటే నా అధ్యాయం మొత్తం చింపి మొదలుపెట్టాలి. ఏడుపొచ్చింది, పక్కవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు.

కీసర దగ్గర గైడు ఫోన్ చేశారు. "ఎన్ని సంతకాలు వచ్చాయి తల్లీ?"

"ఒకటి సార్. విన్నది ఒక్కరే, ఉత్తరాలన్నీ ఆయన రాసినవే."

"మరి మిగతావి?"

"ఆయనే పెడతానన్నారు సార్. నేనే వద్దన్నాను."

"రేపు అయిదింటికి మరి ఏమిస్తావు?"

"ఏమీ ఇవ్వను సార్" అన్నాను.