మంచులో గ్రానైట్ దిమ్మె

హార్స్‌లీ కొండ చూడాలని నాకు ఎన్నాళ్లుగానో ఆశ. నలభై దాటాక స్కూటీ నేర్చుకుని, పోయిన చలికాలం ఒక తెల్లవారుజామున కుప్పం నుంచి ఒంటరిగా బయలుదేరాను. పుంగనూరులో టిఫిన్ చేసి, మదనపల్లె మీదుగా కొండెక్కాలని నా ఆలోచన.

రామకుప్పం దాటేసరికి మంచు కమ్మేసింది. రోడ్డు పక్కన గ్రానైట్ దిమ్మె ఒకటి లీలగా కనబడితే, కళ్లద్దాలు తుడుచుకుందామని దాని పక్కనే బండి ఆపాను. లారీల కోసం దించిన దిమ్మెలు మా వైపు దారి పొడవునా పడి ఉంటాయి.

ఎదురుగా రాగిచేలో మంచె మీద కాపలా ఉన్నాయన సన్నగా పిలిచాడు.

"అమ్మా, బండి స్టార్ట్ చెయ్యద్దు. అట్నే తోసుకోని ఈ పక్కకు రా."

"యాలప్పా? రాయి పక్కనే గదా నిలిపినాను."

"ఆడ రాళ్లు లేవమ్మా. నిన్ననే లారీకెత్తినారు. సామి నిలబడుండాడు."

మా పొలాల్లో ఏనుగును సామి అనే అంటారు. అప్పుడే నా మెడ మీద వెచ్చటి గాలి తగిలింది. నమిలిన పచ్చి రాగివెన్నుల వాసన. వెనక్కి తిరగలేదు. మంచె కిందికి ఎలా చేరానో తెలియదు. మంచు విడిచాక చూస్తే అక్కడేమీ లేదు. నా టైరు గీత పక్కన మాత్రం చాటంత అడుగు ఉంది.

మధ్యాహ్నానికి కొండెక్కాను. అందరూ అంచున నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. కాళ్లు లాగి ఒక బండ మీద కూర్చోబోతూ, ముందు అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగానే ఉంది.

అయినా కూర్చోలేదు.