‘యెస్ సార్’ మాన్పించిన క్లాసు

మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. ఊడ్చేది నేనే, ఫోనెత్తేది నేనే, పాఠం చెప్పేదీ నేనే. పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో చేరిపొమ్మని మావాళ్లు ఇప్పటికీ పోరుతుంటారు. చస్తే చేరను. అక్కడ జిరాక్స్ మెటీరియల్ ఇచ్చి బట్టీ పట్టిస్తారు. బట్టీ పట్టిన ఇంగ్లిష్ ఎదుటివాడు రెండో ప్రశ్న వేసేదాకానే! ఈ మాట చెప్తే, ‘అయితే మెటీరియల్ ఇవ్వరా మేడమ్?’ అని మెట్లు దిగిపోయేవాళ్లే ఎక్కువ. పోతే పోనీ అంటాను గానీ, సాయంత్రం పంజగుట్టలో ఇంటికి నడిచి వెళ్తుంటే బెంగగానే ఉంటుంది.

ఒక పొద్దున సనత్‌నగర్ నుంచి ఒకాయన వచ్చాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు. నీళ్ల మోటార్లలో వేసే బుష్‌లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఆయనది. మిషన్ల మధ్య బతికిన మనిషేమో, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

“మేడమ్, జర నాకు ఇంగ్లిష్ నేర్పుండ్రి. చెన్నై సార్ ఒచ్చేలోపల రావాలె.”

విషయం ఏంటంటే, ఆయన సరుకంతా కొనేది చెన్నై కంపెనీ ఒకటి. అక్కడి ఇంజినీరుకు తెలుగు రాదు, హిందీ అసలే రాదు. పోయినసారి ఫోన్లో ఆయన ఏం అడిగినా ఈయన “యెస్ సార్, యెస్ సార్” అంటూ పోయాడు. తీరా చూస్తే వారంలో సరుకంతా పంపుతానని ఒప్పుకున్నట్టయింది! కిందా మీదా పడి పంపితే సగం వెనక్కొచ్చింది. ఈసారి ఇంజినీరే స్వయంగా వస్తున్నాడు. మళ్లీ అలాగే అయితే ఆర్డరు ఇంకొకరికి పోతుంది, ఈయన షట్టరు దించుకోవాల్సిందే.

“అర్థం కాలేదని చెప్పొచ్చుగా భాయ్?”

“గట్లంటే ఇజ్జత్ ఏముంటది మేడమ్? గింత సుత రాదు, ఈనికేం పని ఇయ్యాలె అనుకోడా?”

ఆయనకు నేర్పాల్సింది ఏంటో నాకు అప్పుడే తెలిసిపోయింది. నేను గబగబా ఇంగ్లిష్‌లో ఏదో అడగాలి. ఆయన నన్ను ఆపి, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని ఇంగ్లిష్‌లోనే అనాలి. అంతే పాఠం. ఆయనేం చేసేవాడు? తలూపి, చక్కగా నవ్వి, “యెస్ సార్!” ఆడమనిషినని కూడా చూడకుండా నన్నూ సార్‌ని చేసేశాడు.

“ఇప్పుడు మీ షాపు నాకు రాసిచ్చేశారు భాయ్, తెలుసా?” అంటే బిత్తరపోయేవాడు.

నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు పట్టలేక డస్టర్ బల్లకేసి కొట్టాను. ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. మర్నాడు నాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఇంజినీరు వచ్చేరోజు దగ్గరపడింది. “మేడమ్, గా రోజు మీరే ఒచ్చి మాట్లాడుండ్రి. నేను పక్కకు నిలబడ్త,” అన్నాడు.

“వస్తాను. మాట్లాడను. రేపు ఆయన ఫోన్ చేస్తే ఏం చేస్తారు, నన్ను జేబులో పెట్టుకుని తిరుగుతారా?”

ఆయన ముఖం మాడిపోయింది. అన్నానే గానీ నాకూ భయమే. నా మొండితనానికి ఆయన షాపు పోతే?

ఆ రోజు షెడ్డులో ఇంజినీరు బుష్ చేతిలో పట్టుకుని తిప్పి చూస్తూ వేగంగా మాట్లాడుతున్నాడు. “యెస్ సార్,” అన్నాడు భాయ్. ఇంకో ప్రశ్న. “యెస్ సార్.” నా ప్రాణం పోయినంత పనైంది. నెలాఖరుకు సరుకంతా ఇస్తారా అని కదా ఆయన అడిగింది! భాయ్‌కి ఏదో తేడా తెలిసినట్టుంది, బెదురుగా నా వైపు చూశాడు. నోటిదాకా వచ్చింది. ఒక్క ముక్క చెప్తే అయిపోయేది.

చెప్పలేదు. ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాను.

ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను. ఎంత పొగరే నీకు, అని నన్ను నేనే తిట్టుకున్నాను. పాఠం చెప్పుకునేదానివి, ఇంకొకరి బతుకుతో ఆటలేంటి? ఇక ఆగలేక లోపలికి అడుగేయబోతుంటే వినిపించింది ఆ గొంతు.

“స్టాప్ సార్! నాట్ అండర్‌స్టాండ్! అగైన్ టెల్!”

తర్వాత ఇంజినీరు గొంతు, ఈసారి మెల్లగా. “అగైన్ సార్!” అని మళ్లీ భాయ్. మళ్లీ ఇంజినీరు. ఆ తర్వాత వీధి సగం వినేంత గట్టిగా, “నో సార్! మంత్ ఎండ్ హాఫ్. నెక్స్ట్ మంత్ హాఫ్!”

టీ బండాయన వింతగా చూస్తున్నాడు నన్ను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఇంజినీరు కారెక్కి వెళ్లాక భాయ్ బయటికి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

“ఆర్డరు?” అన్నాను.

“ఇచ్చిండు,” అన్నాడు, అదేదో చిన్న సంగతైనట్టు. “గది కాదు మేడమ్. సమజ్ కాలేదని చెప్పిన, మళ్లొక్కసారి సుత చెప్పిన. గాయన స్టూల్ గుంజుకొని నా పక్కన కూసున్నడు. నవ్వలే మేడమ్. ఒక్కసారి సుత నవ్వలే.”